పెదవి దాటిన నూనె

"ఎవరో నా చేతులు దొంగిలిస్తున్నారమ్మా," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ పెద్దమనిషి.

కొత్తగా కొన్న సాసర్లలో ఏది ఏ కప్పుకి నప్పుతుందో పెట్టి చూసుకుంటున్న భార్యాభర్తలిద్దరూ ఒక్కసారి తలెత్తారు. వచ్చినాయన చేతులు రెండూ ఆయన దగ్గరే ఉన్నాయి. ఎంత తోమినా పోని నల్లటి గీత గోళ్ళ చుట్టూ ఉంది. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. భయం మాత్రం వేళ్ళలో కంటే కళ్ళలోనే ఎక్కువగా ఉంది.

"లోపలికి రండి మేస్త్రీగారూ. కూర్చోండి," అంది భార్య.

"నేను మేస్త్రీనని మీకెలా తెలుసు?"

"జేబులోంచి మందాలు కొలిచే వెర్నియర్ తొంగి చూస్తోంది కదండీ. డాక్టరుగారైతే గొట్టం తొంగి చూసేది."

ఆమెకి తల్లిదండ్రులు పెట్టిన మంచి పేరొకటి ఉంది కానీ, అది ఎవరికీ గుర్తులేదు. చిన్నప్పుడు పక్కింటి పిల్లి ఎవరింట్లో పాలు తాగుతోందో పాదాల గుర్తుల్ని బట్టి కనిపెట్టిన రోజు నుంచీ వీధి మొత్తానికి ఆమె భూతద్దం. పెద్దయ్యాక ప్రైవేట్ డిటెక్టివ్ బోర్డు మీద కూడా ఆ పేరే రాయించుకుంది. పెళ్ళై నెల తిరగలేదు. పెళ్ళికొడుకు ఉద్యోగం మానేసి ఆమెకి సహాయకుడిగా చేరాడు. ఆమె పుట్టి పెరిగిన వీధి కాబట్టి అందరూ అతన్ని అల్లుడుగారనే పిలుస్తారు. ఆటపట్టించాలనిపిస్తే భూతద్దం కూడా అలాగే పిలుస్తుంది. ఆమె ఏం చేసినా అద్భుతమే అతనికి. ఆమె పెన్సిల్ చెక్కుతుంటే కూడా కన్నార్పకుండా చూస్తాడు.

మేస్త్రీ కుర్చీ అంచున కూర్చున్నాడు.

"పాత కార్ల ఇంజిన్లు విప్పి బిగించడం నా పని. కొండ రోడ్డు మొదట్లో మా షెడ్డు. నేను బిగించిన ఇంజిన్ ఇన్నేళ్ళలో ఒక్కటీ తిరిగి రాలేదు. ఇప్పుడు వరసగా మూడు వచ్చాయి. మూడూ ఒకే రకం కార్లు. మూడింటికీ ఇంజిన్ వెనకవైపు ఆయిల్ సీలు మార్చాను. మూడూ కారాయి."

"ఆయిల్ సీలంటే ఏంటండీ?" అని అడిగాడు అల్లుడుగారు. తెలియనిది తెలియదని వెంటనే ఒప్పేసుకోవడం అతనిలో భూతద్దానికి నచ్చిన మొదటి గుణం.

"ఇంజిన్ లోపల షాఫ్టు తిరుగుతుంది బాబూ. దాని కొస బయటికి రావాలి, నూనె మాత్రం రాకూడదు. ఆ సందులో కూర్చునే రబ్బరు చుట్టే సీలు. చూడటానికి గాజులా ఉంటుంది. దాని లోపలి అంచుని మేం పెదవి అంటాం. ఆ పెదవి షాఫ్టుని ముద్దు పెట్టుకున్నట్టు అంటీ అంటనట్టు ఉండాలి. మరీ గట్టిగా ఉంటే అరిగిపోతుంది, వదులుగా ఉంటే కారిపోతుంది."

కొత్త దంపతులు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఉండటానికి చాలా అవస్థ పడ్డారు.

మేస్త్రీ అదేమీ గమనించే స్థితిలో లేడు. "మొదటి రెండింటికీ తిట్లతో సరిపోయింది. మూడోది పాటల టీచరుగారిది. కారిన నూనె క్లచ్ మీద పడింది. కొండ ఎక్కుతుంటే క్లచ్ జారిపోయింది. ఇంజిన్ గోల పెడుతోంది, కారు మాత్రం వెనక్కి పోతోంది. వెళ్ళి గోడకి గుద్దుకుంది. ఆవిడ చెయ్యి విరిగింది. అందరూ నా వయసు గురించే మాట్లాడుతున్నారు. నిజంగా నా చేతులే చెడితే షెడ్డు తాళాలు తమ్ముడికి ఇచ్చేసి ఇంట్లో కూర్చుంటాను. ఇంకో మనిషి ఎముక విరగ్గొట్టే హక్కు నాకు లేదు. కానీ ఎవరో కావాలని చేశారేమోనని ఒక మూల అనుమానం పీకుతోంది. ఏదో ఒకటి తేల్చండమ్మా. నా చేతులు నావో కావో చెప్పండి."

* * *

షెడ్డు పెద్దదే. రేకుల కప్పు, తారు పూసిన దూలాలు, గొలుసుకి వేలాడుతున్న ఒక ఇంజిన్. పనిముట్లన్నీ గోడ మీద గీసిన నీడల్లో వేటి చోట అవి ఉన్నాయి. ఆ సర్దుబాటు చూసి అల్లుడుగారికి ముచ్చటేసింది. తమ వంటింట్లో గరిటెలకి కూడా ఇలాగే గోడ మీద బొమ్మలు గీయాలని నిర్ణయించుకున్నాడు.

షెడ్డు వెనక సామాన్ల గది. ఆ గదికి ఒక కిటికీ, కిటికీ వెనక మేస్త్రీ భార్య. ఆవిణ్ణి మేస్త్రీ తమ్ముడు వదినా అని పిలుస్తాడు. అది విని విని వచ్చేపోయే వాళ్ళందరికీ ఆవిడ వదినే అయింది. తెల్లటి జుట్టు ముడి, ముంజేతి దాకా మడిచిన రవిక చేతులు, చల్లటి నవ్వు.

"పని ఎలా చేస్తారో మామూలుగా చేసి చూపించండి," అంది భూతద్దం.

స్టాండు మీదున్న ఒక ఇంజిన్ వెనక్కి వెళ్ళి మేస్త్రీ వెర్నియర్‌తో షాఫ్టు కొలిచాడు. తర్వాత తలెత్తకుండానే పాట ఎత్తుకున్నట్టు అరిచాడు.

"ఎనభై! నూరు! పది!"

"ఎనభై, నూరు, పది," అని కిటికీలోంచి వదిన బదులు పలికింది. ఒక అర తెరుచుకున్న చప్పుడైంది. పెదవికి అప్పటికే నూనె రాసిన సీలుతో ఒక చెయ్యి బయటికి వచ్చింది. మేస్త్రీ వెనక్కి చెయ్యి చాచి, చూడకుండా అందుకున్నాడు. చిన్న సుత్తితో చుట్టూ సమంగా తట్టుతూ కూర్చోబెట్టాడు. వణికే ఆ వేళ్ళు సుత్తి పట్టుకోగానే ఎందుకో కుదురుకున్నాయి.

"షాఫ్టు మందం ఎనభై మిల్లీమీటర్లు, బయటి గుంట నూరు, లోతు పది. అంతేనా?" అడిగింది భూతద్దం.

"అంతే."

"ఆవిడ ఇచ్చింది మీరు చూసుకోరా?"

మేస్త్రీ నవ్వాడు. వచ్చినప్పటి నుంచీ ఆయన నవ్వడం అదే మొదలు. "అది ఇచ్చిందాన్ని నేను మళ్ళీ చూడటమా? అలా చూసుకోవాల్సి వస్తే తాగే మంచినీళ్ళు కూడా వడగట్టుకుని తాగాలి. పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టాం ఇలా. నా కళ్ళు షాఫ్టు మీద, దాని కళ్ళు అరల మీద."

"ఇప్పుడు పెట్టిన ఈ సీలు కూడా కారుతుందేమో?"

"తమ్ముణ్ణి విప్పేయమంటాను. మీరు తేల్చేదాకా నేను బిగించిన ఇంజిన్ ఏదీ గేటు దాటదు."

"సరైన సీలు ఎంచుకోవడంలో కొలతలు కాక ఇంకేం చూడాలి?"

ఈ ప్రశ్నతో మేస్త్రీలో ప్రాణం లేచొచ్చింది. బల్ల మీదున్న మంచి సీలొకటి తీసుకుని భూతద్దం చేతిలో పెట్టాడు. "రబ్బరు రకం చూడాలి. నల్లది మామూలు వేడికి సరే, పాత ఇంజిన్ వెనకవైపు బాగా కాలుతుంది కాబట్టి అక్కడ ఈ గోధుమరంగుది మేలు. పాత షాఫ్టుకి పాత పెదవి గాడి పెట్టేసి ఉంటే కొత్త పెదవిని అదే గాడిలో పడనివ్వకూడదు, కాస్త పక్కకి కూర్చోబెట్టాలి. పెదవి నూనె వైపుకే తిరిగి ఉండాలి. ఇక చివరిది, షాఫ్టు ఎటు తిరుగుతుందో చూడాలి. పెదవి లోపలికి గోరు పెట్టి చూడండి."

భూతద్దం గోరు పెట్టి చూసింది. పైకి నున్నగా ఉన్న పెదవి లోపల సన్నటి వాలుగీతలు తగిలాయి.

"షాఫ్టు తిరిగేటప్పుడు ఆ గీతలు నూనెని లోపలికి తోసేస్తుంటాయి. కుడివైపు తిరిగే షాఫ్టుకి ఒక వాలు, ఎడమవైపు తిరిగేదానికి ఇంకో వాలు. అందుకే పైన బాణం గుర్తు పోస్తారు. ఒకదాని చోట ఇంకోటి పెట్టారనుకోండి, లోపలికి తోయాల్సిన నూనెని బయటికి తోడి పోస్తుంది."

"మీ దగ్గర రెండు రకాలూ ఉన్నాయా?"

"పడవల ఇంజిన్లు కూడా చేసేవాళ్ళం ఒకప్పుడు. వాటిల్లో కొన్ని ఎదురు తిరుగుతాయి. ఆ సీళ్ళు ఇంకా కింది వరస అరల్లో ఉన్నాయి. కార్లవి పై వరసలో. కలిసే అవకాశమే లేదు."

విప్పేసిన మూడు సీళ్ళనూ మేస్త్రీ ఒక రేకు డబ్బాలో దాచి ఉంచాడు. కొలతలు సరిగ్గా ఉన్నాయని, పెదవి చిరగలేదని, లోపలి స్ప్రింగు ఊడలేదని చెప్పాడు. అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు తప్పు బిగించిన చేతిది కాక ఇంకెవరిదని తనని తానే నిలదీసుకున్నాడు.

భూతద్దం పేరుకి తగ్గట్టు సంచిలోంచి భూతద్దం తీసి వాటి మీదికి వంగింది. మంచి సీలు మీద బాణం ఉన్నచోట ఈ మూడింటి మీదా రబ్బరు కాస్త గరుకుగా ఉంది. బయటి అంచు మీద పడ్డ ఒత్తిడి గుర్తు మాత్రం చుట్టూ ఒకే మందంలో, చందమామ చుట్టూ గుడి కట్టినట్టు గుండ్రంగా ఉంది.

"ఈ కార్లు నిలబెట్టి ఉంచినప్పుడు కారాయా?"

"లేదమ్మా, అదే వింత. రాత్రంతా నిలబెట్టినా నేల మీద ఒక్క చుక్క ఉండదు. ఇంజిన్ నడిస్తే చాలు, ధార."

ఆ తర్వాత ఇద్దరూ సామాన్ల గదిలోకి వెళ్ళారు. గోడంతా చిన్న చిన్న చెక్క అరలే. ప్రతి అర మీదా తెల్లరంగుతో కొలతలు, అంతే. ఎనభై, నూరు, పది అనే అంకెలు పై వరసలో ఒక అర మీదా కింది వరసలో ఒక అర మీదా ఉన్నాయి.

కింది వరస అరలు లాగి చూడమని భర్తకి చెప్పింది భూతద్దం. అల్లుడుగారికి దుమ్ము పడదు. మొదటి అర లాగగానే తుమ్మాడు. రెండోది లాగి ఇంకా గట్టిగా తుమ్మాడు. మూడోదానికి కళ్ళనీళ్ళు వచ్చాయి. తర్వాతి అర లాగి, తుమ్ము కోసం ముఖం సిద్ధం చేసుకుని, రాకపోవడంతో వెర్రిగా చూశాడు. దాని పక్కది లాగేసరికి మళ్ళీ మొదలైంది.

"చాల్లే నాయనా, ముక్కు ఊడిపోతుంది," అంటూ వదిన తన పైట కొంగు అందించబోయి, మళ్ళీ భార్య పక్కనే ఉందని నవ్వేసి మంచినీళ్ళ గ్లాసిచ్చింది.

"సీళ్ళ గురించి మీకూ అంతా తెలిసే ఉంటుంది వదినా," అంది భూతద్దం.

"నాకేం తెలుసమ్మా. ఆయన అంకె చెప్తారు, నేను అంకె చూసి ఇస్తాను. చిలకపలుకులు." వదిన కిటికీలోంచి భర్త వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆయన చేతులు చూశావుగా. మొన్నామధ్య గొలుసు పట్టు తప్పి ఇంజిన్ జారింది. కాలికి జానెడు దూరంలో పడింది. ఏమన్నారో తెలుసా? దానికి తొందరెక్కువ, దిగిపోయింది అని నవ్వారు. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. మీరు ఊరికే తవ్వకండి. వయసైపోయింది మేస్త్రీగారూ, ఇక మానేయండని ఒక్క మాట చెప్పేయండి. పరాయివాళ్ళు చెప్తే వింటారు. మనవాళ్ళ మాట ఎప్పుడు విన్నారు కనక."

* * *

మేస్త్రీ తమ్ముడు షెడ్డు ముందు కొత్త కారొకటి కడుగుతూ దొరికాడు. అనుమానం మొదట తన మీదికే వస్తుందని అతనికి తెలుసు. ఎదురు ప్రశ్న వేయడంలో ఆలస్యం చేయలేదు.

"అన్నయ్య పని మానేస్తే లాభం నాకే అంటారు. అంతేగా?"

"లాభమేగా మరి?"

"అవును, ఈ ముసలి కార్లు పంపేసి కొత్త కార్లు చేద్దామని పోరుతున్నాను. పోరడం నేరమా? దుకాణం నుంచి సీళ్ళు తెచ్చేది కూడా నేనే. రాసుకోండి."

"సీలు ఎలా చూసి తెస్తారు?"

"మూడు అంకెలు, గోధుమరంగు. అంతకంటే చూడ్డానికేముంది?"

"బాణం?"

"ఏ బాణం?" తమ్ముడు బుర్ర గోక్కున్నాడు. "ఓ, పైన ఉండే ఆ బాణమా? అది కంపెనీవాడి బొమ్మ కదూ?"

అల్లుడుగారు దగ్గు తెచ్చుకుని నవ్వు దాచుకున్నాడు.

సీళ్ళ దుకాణం బజారు మలుపులో ఉంది. దుకాణదారు పొట్టిగా, గుండ్రంగా, తన సరుకులాగే ఉన్నాడు. నకిలీ సీళ్ళు అంటగడుతున్నాడని మేస్త్రీ తమ్ముడు ఊరంతా చెప్పడంతో ఆయన ఒళ్ళు మండిపోయి ఉంది.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు! బిగించడం చేతకాక నా సరుకు మీద పడతారేంటి?" అని లేచాడు. భూతద్దం మూడు సీళ్ళనూ ముందు పెట్టింది. ఆయన వాటిని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. కోపం తగ్గి ముఖంలో అయోమయం వచ్చింది.

"నావే. కానీ వీటి మీద బాణమేదీ? నా సీళ్ళ మీద బాణం అచ్చులో పోసిందమ్మా, చెరిగిపోయే రంగు కాదు. పోవాలంటే బ్లేడు పెట్టి గీకాలి. నేనెందుకు గీకుతాను, నా పరువు నేను తీసుకోడానికా?"

"ఎదురు వాలువి ఆ షెడ్డుకి ఈమధ్య ఇచ్చారా?"

"పడవల పని మానేశాక ఒక్కటి కూడా ఇవ్వలేదు."

దారిలో అల్లుడుగారు ఉత్సాహంగా తన ఊహలు విప్పాడు. తమ్ముడు అమాయకుడిలా నటిస్తున్నాడని ఒకసారి, దుకాణదారుకి ఏదో పాత పగ ఉందని ఇంకోసారి అన్నాడు. మామూలుగా అయితే భూతద్దం ఒక్కొక్కదానికీ చిల్లు పొడిచి సరదా పడేది. ఈసారి వినీ విననట్టు నడిచింది. ఇంటికొచ్చాక కొత్త కప్పులో అతను పోసి ఇచ్చిన టీ చల్లారిపోయింది, ముట్టలేదు.

"తెలిసిపోయిందా?" అన్నాడతను మెల్లగా.

"తెలిసింది. తప్పైతే బాగుండునని ఉంది," అంది. తర్వాత బీరువాలోంచి పెళ్ళినాటి గోళ్ళరంగు సీసా తీసి సంచిలో పడేసుకుంది.

* * *

మర్నాడు పొద్దున భూతద్దం అడిగినట్టే షెడ్డుకి అందరూ వచ్చారు. పాటల టీచరు విరిగిన చేతిని మెడకి కట్టుకుని కుర్చీలో కూర్చుంది. దుకాణదారు మాత్రం మేస్త్రీ తమ్ముడికి వీలైనంత దూరంగా నిలబడ్డాడు. వదిన తన కిటికీ దగ్గర ఉంది. స్టాండు మీద టీచరుగారి కారు ఇంజిన్, వెనకవైపు విప్పి ఉంది.

"మాటలకి ముందు పని చూద్దాం," అంది భూతద్దం. "ఈ ఇంజిన్‌కి మేస్త్రీగారు ఇప్పుడు సీలు వేస్తారు. కారుకి బిగించాక తనే నడుపుకుంటూ, ఒక్కరే, కొండ రోడ్డు ఎక్కి దిగుతారు. ఒప్పుకున్నారు. తన చేతుల మీద నమ్మకం ఉందో లేదో తేల్చుకోడానికి ఇంతకంటే మంచి దారి లేదన్నారు."

"ఈ వయసులో ఆయనే ఎందుకు? మరిది నడుపుతాడుగా," అంది వదిన గబుక్కున.

"నా పని, నా కొండ," అన్నాడు మేస్త్రీ. వెర్నియర్ తీసి షాఫ్టు కొలిచి, ఎప్పటిలాగే తలెత్తకుండా అరిచాడు. "ఎనభై! నూరు! పది!"

"ఎనభై, నూరు, పది," అన్న బదులు వచ్చింది. అర తెరుచుకుంది. చెయ్యి మాత్రం బయటికి రాలేదు.

అందరూ కిటికీ వైపు చూశారు. వదిన ముందు పై వరస అర తెరిచి ఉంది. అందులో గుప్పెడు సీళ్ళున్నాయి. అన్నీ గోధుమరంగే, అన్నీ ఒకే కొలత. దేని మీదా బాణం లేదు. ఆవిడ ఒకటి తీసి, వెలుతురుకి వీపు తిప్పి ఒక క్షణం నిలబడి, తిరిగి అరలో పెట్టేసింది. ఇంకోటి తీసింది. అదీ పెట్టేసింది.

"ఎనభై, నూరు, పది!" మేస్త్రీ మళ్ళీ అరిచాడు.

"అదే వెతుకుతున్నానండీ."

"వెతకడానికేముంది వదినా, అన్నీ ఒకటేగా. ఏదో ఒకటి ఇచ్చెయ్," అన్నాడు తమ్ముడు.

ఆవిడ వినలేదు. నాలుగోది, అయిదోది తీసి పెట్టేసింది. ఆ తర్వాత తీసినదాన్ని మాత్రం పెట్టేయలేదు. దాని లోపలి అంచు వెంట బొటనవేలి గోరుని మరొకసారి నడిపి, ఊపిరి వదిలి, పెదవికి నూనె రాసి చెయ్యి కిటికీలోంచి చాచింది.

ఆ చేతికి భర్త కంటే ముందు భూతద్దం అడ్డం వచ్చింది. సీలు తీసుకుని వెనక్కి తిప్పింది. సీలు వెనక ఉండే ఇనుప రేకు మీద గుండుసూది తలంత ఎర్రటి గోళ్ళరంగు చుక్క ఉంది.

"తెల్లవారగానే ఆ అరలో ఉన్నవాటిని తీసేసి, దుకాణం నుంచి నేను తెచ్చినవి పెట్టాను," అంది అందరితో. "అన్నింటి మీదా బాణాలు నేనే బ్లేడుతో గీకేశాను. వాటిల్లో ఈ ఇంజిన్‌కి సరైనది ఇదొక్కటే. మిగతావన్నీ పడవలవి. కొలతకి తేడా లేదు, రంగుకి తేడా లేదు. గోటితో వాలు చూస్తే తప్ప చెప్పలేరు."

ఆమె మేస్త్రీ వైపు తిరిగింది.

"మేస్త్రీగారూ, ముందు మీ ప్రశ్నకి జవాబు చెప్తాను. మీ చేతులు మీవే. చెయ్యి వణికి సీలు వంకరగా కూర్చుంటే ఒత్తిడి గుర్తు ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా పడుతుంది. మీరు బిగించిన మూడింటి మీదా గుర్తు చుట్టూ ఒకేలా ఉంది. పైగా వంకర సీలైతే కారు ఆగి ఉన్నా కారుతుంది. ఇవి ఇంజిన్ తిరిగితేనే కారాయి, ఎందుకంటే వాటి గీతలు నూనెని బయటికి తోడాయి. ఎదురు వాలు సీళ్ళవి. ఎవరో పొరపాటున కలిపేశారనుకుందామంటే బాణం గీకేసి ఉంది. పొరపాటుకి బ్లేడు అక్కర్లేదు."

"నేను కాదు!" అన్నాడు తమ్ముడు.

"మీరు కాదు. బాణం కంపెనీ బొమ్మ అనుకునే మనిషి దాన్ని గీకడు. దుకాణదారుగారూ కాదు. ఆయన ఈ రకం ఇచ్చి చాలా కాలమైంది. అంటే అవి ఈ గదిలోంచే వచ్చాయి. కింది వరస అరలన్నిటిలో దుమ్ము పేరుకుని మావారు తుమ్మి తుమ్మి అలిసిపోయారు. ఎనభై, నూరు, పది అని ఉన్న అర దగ్గర మాత్రం తుమ్ము రాలేదు. దాన్ని ఈమధ్య ఎవరో తరచుగా తెరుస్తున్నారు. అక్కడి నుంచి మేస్త్రీగారి చేతికి సీలు వచ్చే దారి ఒకటే ఉంది." భూతద్దం కిటికీ వైపు తిరిగింది. గొంతులో గెలిచిన సంబరం లేదు. "ఇందాక మీరు కళ్ళు మూసుకుని ఏదో ఒకటి ఇచ్చి ఉంటే నా దగ్గర గట్టి రుజువు ఉండేది కాదు వదినా. ఆయన ప్రాణం మీదికి తెచ్చే పని మీరు చేయరని నాకు తెలుసు. దాని మీదే పందెం కాశాను."

"తప్పు, ఇది దాని పని కాదు," అన్నాడు మేస్త్రీ. ఆ మాట ఎవరికి చెప్తున్నాడో ఆయనకే తెలియలేదు. "దానికి అంకెలే తెలుసు. ఏమే, చెప్పు. నీకు అంకెలే తెలుసుగా?"

వదిన గదిలోంచి బయటికి వచ్చింది. నూనె చేతులు పైటకి తుడుచుకుంది.

"ఇన్నేళ్ళూ మీరు చూడకుండా తీసుకున్నారు కదా. మరి ఎవరు చూశారనుకున్నారు? ప్రతిదీ నేనే గోటితో చూసి ఇచ్చాను," అంది. "మానేయమని బతిమాలాను. ఏడ్చాను. ఇంజిన్ కాలి మీద పడబోయినా నవ్వారు. నా మాట వినరు, ఇంజిన్ మాటైతే వింటారు కదా అనుకున్నాను. నాలుగు చుక్కలు కారితే మీకై మీరే మానేస్తారనుకున్నాను. చుక్క క్లచ్ దాకా పోతుందని, ఈ తల్లి చెయ్యి విరుగుతుందని అనుకోలేదు."

"మీకు సీలు వాలు తెలుసు, క్లచ్ తెలియదా?" అని అడిగింది పాటల టీచరు. మాట నెమ్మదిగానే ఉంది. వదిన తల వంచుకుంది.

"వదినా, వీళ్ళు ముందు నన్నే అనుమానించారు. నువ్వు వింటూ ఊరుకున్నావా?" అన్నాడు తమ్ముడు. అతని గొంతు చిన్నపిల్లాడి గొంతులా అయిపోయింది.

మేస్త్రీ తన రెండు చేతులూ ముందుకి చాచి చూసుకున్నాడు. అవి వణుకుతూనే ఉన్నాయి.

"ఇవి వణుకుతున్నాయని నాకు తెలియదనుకున్నావా?" అన్నాడు. "నీకంటే ముందే తెలుసు. కళ్ళు ఆనడం లేదని తెలుసు. అయినా ఏ ధైర్యంతో రోజూ ఈ షెడ్డు తలుపు తీస్తున్నాను? వెనక నీ చేతులున్నాయి కదా అని. నావి తప్పినా నీవి తప్పవు కదా అని. మూడు కార్లు తిరిగొస్తే రాత్రుళ్ళు పడుకుని నా వేళ్ళనే తిట్టుకున్నాను. నువ్వు పక్కనే పడుకుని విన్నావు."

"మీరు బతికుండాలని..."

"నన్ను నేనే నమ్ముకోకుండా చేసి బతికించావు."

వదిన ముందుకి ఒక అడుగు వేసి ఆగిపోయింది. అల్లుడుగారు తనకి తెలియకుండానే భార్య చెయ్యి పట్టుకున్నాడు.

మేస్త్రీ టీచరు వైపు తిరిగాడు. "అమ్మా, కారు నేనే బాగుచేసి ఇంటికి తెస్తాను. మీ చెయ్యి కుదిరేదాకా ఎక్కడికెళ్ళాలన్నా మా తమ్ముడు తిప్పుతాడు. పోలీసులకి చెప్తారో, క్షమిస్తారో, అది మీరూ ఆవిడా తేల్చుకోండి. నేను అడ్డం రాను." తర్వాత దుకాణదారుకి చేతులు జోడించాడు. ఆయన కంగారుపడి ఆ చేతులు పట్టుకున్నాడు.

"అన్నయ్యా, తాళాలు..." అన్నాడు తమ్ముడు.

"తాళాలు నా దగ్గరే ఉంటాయి. నువ్వు ఆ దీపం తీసుకుని ఇటు రా. బరువులూ గొలుసూ ఇక నువ్వే చూడాలి. గోరు పెంచుకో. వాలు ఎలా చూడాలో చెప్తాను."

భూతద్దం చేతిలోని సీలుని ఆయన అందుకున్నాడు. తమ్ముడు పట్టుకున్న దీపం వెలుగులోకి తెచ్చి, రెండువైపులా తిప్పి, కళ్ళు చికిలించి, పెదవి వెంట తన గోరుని చుట్టూ నడిపించాడు. చాలాసేపు చూశాడు. సరైనదే అని భూతద్దం చెప్పిన తర్వాత కూడా చూశాడు. అప్పుడు ఇంజిన్ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని సుత్తి తీసుకున్నాడు.

వదిన ఆయన వెనక్కి వచ్చి నిలబడింది.

"ఇంటికి ఎప్పుడొస్తారు?" అని అడిగింది.

మేస్త్రీ తల తిప్పలేదు. షెడ్డుకి వచ్చేపోయే వాళ్ళతో మాట్లాడే మర్యాద గొంతుతో బదులిచ్చాడు.

"పని కాగానే కబురు చేస్తానండీ. మీరు వెళ్ళండి."

తమ్ముడు చేతిలోని దీపాన్ని వదిన ముఖం మీద వెలుగు పడకుండా పక్కకి తిప్పేశాడు.